సున్నం కొట్టిన చింతచెట్టు

తొరెకొప్పలు
18 అక్టోబరు 1986

చిరంజీవి హొన్నమ్మకు నీ వదిన దేవీరమ్మ దీవెనలు. ఇక్కడ మీ అన్న, నేను, రెండు ఎద్దులు, పాలివ్వని బర్రె అందరం బాగున్నాం. అక్కడ నువ్వు, అన్నయ్యగారు, మీ అత్తగారు, నా బంగారు శశికళ బాగున్నారని తలుస్తాను.

విజయదశమి వెళ్ళిన మూడోనాడే ఎర్రకాళ్ళ కొంగలు దిగాయి. ఊరు ఊరంతా మెడలు పైకెత్తి నడుస్తోంది. నిన్న పూజారిగారు అలాగే నడిచి మన బర్రె పేడలో కాలు పెట్టారు. పక్కింటి బోరమ్మ చెట్టు మీద ఇరవై రెండు వాలాయి. ఆవిడ ఆ మాట చెప్పడానికి పైవీధి దాకా వెళ్ళి వచ్చింది. కొంగల వెనకాలే గూడబాతులు వస్తాయి కదా, ఇప్పటి నుంచే చెట్టు కింద గుంత తవ్వించి చెరువు మట్టి పోయించింది, రెట్ట పడితే ఎరువు చేసుకోవడానికి. మన పెరటి చింతచెట్టు మీద మాత్రం ఎప్పటిలాగే కాకులు. మొన్న ఒక ఉడుత కూడా వచ్చింది.

ఈ మాట ఎనిమిదేళ్ళుగా రాస్తూనే ఉన్నాను. నువ్వు పురిటికి వచ్చిన ఏడు ఆ చెట్టు మీద పధ్నాలుగు గూళ్ళు. పురిటి గది మీదకు వంగిన కొమ్మను మీ అన్న నరికేశాడు. దాని మీద రెండు గూడబాతు గూళ్ళు ఉన్నాయి, పిల్లలు నేలబడ్డాయి. పదకొండో రోజున నువ్వు పసిబిడ్డను ఎత్తుకుని, చెట్టు మొదట చెయ్యి పెట్టి, "దీని మీద మళ్ళీ గూడబాతు గూడు పెట్టేదాకా ఈ గడప తొక్కను" అని ఒట్టేసి వెళ్ళిపోయావు. పక్షులూ వెళ్ళిపోయాయి. నీ పంతం నీది, వాటి పంతం వాటిది. మధ్యలో నలిగేది నేను.

గూడబాతంటే మన ఊళ్ళో పురిటికి వచ్చిన ఆడబిడ్డే కదా. అది వాలిన నాడు చెట్టు మొదట్లో ఒడిబియ్యం పోయాలి. నా పెట్టెలో ఒడిబియ్యం పోసే ఎర్రగుడ్డ మడత విప్పక ఎనిమిదేళ్ళయింది. శశికళ చెవుల కోసం అప్పుడు చేయించిన పోగులు కూడా దాని పక్కనే ఉన్నాయి. పిల్ల చెవులు ఇంకా కుట్టించలేదని మద్దూరు సంతలో ఎవరో అన్నారు, నిజమేనా? ఎనిమిదేళ్ళ పిల్ల బోడి చెవులతో బడికి వెళ్తే తోటిపిల్లలు ఏడిపించరా?

రాగిముద్దలోకి ఉప్పుసారు పొయ్యి మీద ఉంది. మాడిన వాసన వస్తోంది. ఉంటాను.

నీ వదిన
దేవీరమ్మ

—

కార్వారు
2 నవంబరు 1986

వదినకు హొన్నమ్మ నమస్కారాలు.

ఉత్తరం అందింది. సారు మాడిందా, దక్కిందా రాయలేదు. నీ ఉత్తరాలన్నీ ఇలాగే పొయ్యి దగ్గర ఆగిపోతాయి.

ఇక్కడ అందరం కులాసా. ఆయన హార్బరు ఆఫీసులో కాగితాలు తిరగేస్తున్నారు. మా ఇల్లు చేపల బజారు వెనక వీధికి మారింది. కిటికీ తెరిస్తే బంగడా చేపలు, మూస్తే ఎండుచేపలు. పుట్టింట్లో పక్షుల కంపు పడనిదానికి దేవుడు ఈ ఊరు రాసిపెట్టాడు.

చెవుల సంగతి నిజమే. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి కుట్టించాలి కదా. ఏ ఒడి అని అడిగితే నేనేం చెప్పను? ఏటేటా మా అత్తకు ఏదో సాకు చెబుతూ వచ్చాను. ఒక ఏడు జ్వరం, ఒక ఏడు మూఢం, ఒక ఏడు కంసాలి ఊళ్ళో లేడని. ఈ ఏడు ఆవిడ కచ్చితంగా చెప్పేసింది. "వచ్చే శివరాత్రికి పిల్ల చెవులు కుట్టాల్సిందే. మేనమామ ఒడి లేకపోతే చాప ఉంది." ఆయనకు కూడా ఆవిడ మాటే మాట. ఇక నా దగ్గర సాకులు లేవు.

కాబట్టి నిజం రాయి. చెట్టు మీద వాలితే వాలిందని రాయి, లేకపోతే లేదని రాయి. మూడేళ్ళ కింద తెల్లకొంగ వాలితే గూడబాతని రాశావు. నేను పెట్టె సర్దుకుని, పిల్లకు కొత్త గౌను తొడిగి, బస్సుకు బయలుదేరబోతుంటే "కొంచెం చిన్నదిగా ఉంది, కానీ తెల్లగానే ఉంది" అని నీ రెండో ఉత్తరం వచ్చింది. ఆ గౌను ఇప్పుడు పిల్లకు పట్టదు.

మీ ఇంటాయన ఎలా ఉన్నాడని నేను అడగడం లేదు.

హొన్నమ్మ

—

తొరెకొప్పలు
27 నవంబరు 1986

హొన్నమ్మ తల్లికి వదిన దీవెనలు.

సారు దక్కింది. అడుగు మాత్రం మీ అన్న తిన్నాడు.

ఇప్పుడు అసలు కబురు. కూర్చుని చదువు. గూడబాతులు వచ్చాయి! ఆదివారం పొద్దున శింషా ఏటి మీదుగా వచ్చి ఊరి చుట్టూ తిరిగి దిగాయి. బోరమ్మ చెట్టు మీద తొమ్మిది జంటలు. అందులో ఒక జంట మన పెరటి గోడ దాటి ఇటు వచ్చిన కొమ్మ మీద కూర్చుంది. కొమ్మ మన గాలిలో ఉంది, రెట్ట మన తులసికోట పక్కన పడింది, ఈకలు మన వాకిట్లో రాలుతున్నాయి. అయితే ఆ జంట మనదే కదా? నేను ఎర్రగుడ్డ తీశాను కూడా. గోడ అవతల నుంచి బోరమ్మ గొంతు వినబడింది.

"దేవీరమ్మక్కా, ఒడిబియ్యం పట్టుకుని మా బిడ్డల దగ్గరికి వస్తున్నావా? రా రా, దాపరికం ఎందుకు!"

"మా పెరట్లో కూచుంటే మీ బిడ్డలెట్లా అవుతారే?"

"కూచునే చోటుతో బిడ్డ మారిపోద్దా? నువ్వు మా అరుగు మీద కూచుంటే మా ఇంటి కోడలివా?"

ఎర్రగుడ్డ మడిచి లోపలికి వచ్చేశాను, దీని తీర్పు నీదే. నువ్వు చదువుకున్నదానివి, ఆలోచించి రాయి. నా లెక్కలో అయితే వాలినట్టే.

ఇంకో సంగతి. మీ అన్న ఈమధ్య వింతగా ఉన్నాడు. తెల్లవారగానే కొడవలి పట్టుకుని మన చింతచెట్టు ఎక్కుతున్నాడు. దిగేటప్పటికి చేతులనిండా గీతలు. ఏంటయ్యా అంటే "పనుంది" అంటాడు. విజయదశమి దాటాక చెట్టెక్కకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు, ఈయనకు చెప్పేదెవరు? అడిగితే మాట్లాడడు, మాట్లాడితే ఎద్దులతోనే.

శశికళకు కొబ్బరుండలు పంపిస్తున్నాను. దారిలో చీమలు తినగా మిగిలినవి తినిపించు.

వదిన

—

కార్వారు
6 డిసెంబరు 1986

వదినకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు.

మొదట కొమ్మ సంగతి. చదువుకున్నదాన్ని అడిగావు కదా. మన ఊరి కట్టుబాటు మా అమ్మ చెప్పగా ఇద్దరం విన్నాం: మొదలు ఎవరిదో పక్షి వాళ్ళది, రెట్ట ఎక్కడ పడితే ఎరువు ఆ ఇంటిది. నీకు దక్కింది ఎరువు. దాన్ని వంకాయ మొక్కలకు వేసుకో. బోరమ్మ చెప్పింది నిజం, అది చెప్పిందని నాకు ఇంకా మంట.

రెండోది ఆ కొడవలి. ఎనిమిదేళ్ళ కింద ఒక కొమ్మతో ఆయనకు తనివి తీరలేదా? మిగిలిన చెట్టు కూడా కొడుతున్నాడా? పక్షులు ఊళ్ళో దిగి ఉండగా, గడువు దాటాక, కత్తి పట్టుకుని చెట్టెక్కే మనిషిని నువ్వు కింద నుంచుని చూస్తూ, నాకు దాన్ని వింతగా ఉన్నాడని రాస్తావా? నా ఒట్టు తీరకుండా చెట్టునే లేకుండా చేస్తే పీడా పోతుందని అనుకున్నాడేమో. చెట్టే లేకపోతే పక్షి ఎక్కడ వాలుతుంది, నేనెక్కడికి వస్తాను!

మా అత్త శివరాత్రికి ముహూర్తం పెట్టించేసింది. పిల్లను మా ఆయన పినతండ్రి కొడుకు ఒడిలో కూర్చోబెడతారట. సరే అన్నాను. పోగులు కూడా ఇక్కడే చేయిస్తాం, నీ పెట్టెలోవి నీ దగ్గరే ఉంచు.

కొబ్బరుండలు అందాయి. చీమలు ఎక్కువ తినలేదు. శశికళ "ఈ అత్త ఎప్పుడూ తీపివే పంపిస్తుంది, మరి మనం ఎందుకు వెళ్ళం" అని అడిగింది. దానికి సమాధానం నువ్వే రాయి.

హొన్నమ్మ

—

తొరెకొప్పలు
22 డిసెంబరు 1986

హొన్నమ్మకు,

నీ ఉత్తరం చదివి నేను ఏడ్చాను. తరువాత కోపం వచ్చింది. ఆ తరువాత కొడవలి సంగతి తేల్చుకుందామని మరునాడు పొద్దున ఆయన వెనకే వెళ్ళి చెట్టు కింద నిలబడ్డాను.

"ఏందయ్యా అక్కడ?"

"ఏం లేదు. దిగుతున్నా."

"ఆ చేతిలో ఏంటి?"

"తుమ్మకంప."

"కొడవలెందుకు?"

"కంప కొయ్యడానికి. నీకు పొయ్యి పని లేదా?"

నేను కదల్లేదు. ఆయన దిగలేదు. చివరికి నేనే చీర దోపుకుని, మనవళ్ళు పుట్టాల్సిన వయసులో, మొదటి పంగ దాకా ఎక్కాను. అక్కడ నుంచి చూస్తే కనబడింది. మీ అన్న ఒక్క కొమ్మ కూడా కొట్టలేదు హొన్నీ. ఏటిగట్టు నుంచి తుమ్మకంప మోసుకొచ్చి, పంగ పంగకీ నారతో గూళ్ళు కడుతున్నాడు! తట్టంత వెడల్పు, మధ్యలో గడ్డి. మొత్తం పదకొండు, ఆకుల చాటున ఒక్కటీ కింద నుంచి కనబడదు. నేనైతే ఇన్నాళ్ళూ దొడ్డి కంచెకు కంప తెస్తున్నాడనుకున్నాను.

అంతటితో అయిందా! మెడకు ఒక ముంత కట్టుకున్నాడు. అందులో సున్నం. కుంచెతో గూళ్ళ చుట్టూ, ఆకుల మీద, కొమ్మల మీద చిలకరిస్తున్నాడు.

"చెట్టుకు సున్నం ఎందుకయ్యా, పండగా?"

"రెట్ట పడినట్టు కనబడాల. నలుగురున్న ఇల్లనుకుని అయిదోది వస్తది."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలా. నేనే అనుకున్నా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"సున్నం ఈ ఏడే. గూళ్ళు ఎనిమిదేళ్ళు, ఇన్నాళ్ళూ నువ్వు లేవకముందే దిగేవాణ్ణి. ముందే కడితే వానలకు జారిపోతాయి, అందుకని పండగ దాటాక ఎక్కుతా. చెట్టుకు దండం పెట్టుకునే ఎక్కుతా."

నాకు నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. రెండూ వచ్చాయి. పంగలో కూర్చుని అంతా అడిగేశాను. ఆ కొమ్మ ఎందుకు కొట్టావయ్యా అని ఎనిమిదేళ్ళలో మొదటిసారి అడిగాను. కంప సర్దుతూనే, "హొన్ని నిద్రపోవాలని కొట్టినా" అన్నాడు. నార ముడి బిగించి పక్క పంగకు వెళ్ళిపోయాడు.

ఇంకోటి కూడా కక్కించాను. నువ్వు వెళ్ళిన మూడో ఏట "చేపల బేరానికి పోతున్నా" అని రెండు రోజులు కనబడకుండా పోయి, ఒక మూట ఎండుచేపలతో వచ్చాడు. అంత దూరం చేపల బేరమేమిటని అప్పుడే తిట్టాను. ఆయన వెళ్ళింది కార్వారు. మీ ఊరి బస్టాండులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని, మీ వీధి పేరు కూడా ఎవరినీ అడగకుండా తిరుగు బస్సెక్కాడు. ఉత్త చేతులతో వస్తే నేను పట్టేస్తానని చేపలు కొన్నాడు.

నీకు చెప్పొద్దన్నాడు. నేను చెబుతున్నాను. నన్ను తిట్టుకో.

ఊరంతా ఆయన్ని సున్నం గౌడ అంటోంది. బోరమ్మ పెట్టిన పేరే. ఆయన వినీ విననట్టు ఉంటాడు.

దేవీరమ్మ

—

కార్వారు
6 జనవరి 1987

వదినా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను.

నీకు ఎవరూ చెప్పని మాట ఒకటి ఉంది. పురిటి ఎనిమిదో రోజు మధ్యాహ్నం నువ్వు ఏటికి బట్టలకు వెళ్ళావు. బిడ్డ పొద్దుటి నుంచి ఏడుస్తోంది. పైన పిల్లపక్షులు అరుస్తున్నాయి. తల్లులు తెచ్చిన చేపలు జారి పెంకుల మీద పడి కుళ్ళుతున్నాయి. నాకు మూడు రోజులుగా కన్ను మూతపడలేదు, తిన్నది కడుపులో నిలవడం లేదు. అన్న గుమ్మం దగ్గర నిలబడి "ఏమైనా కావాలా అమ్మా" అని అడిగాడు. నేను ఏడుస్తూ అన్నాను: "నాకేం వద్దు. వీటి గోల ఆపు. ఈ కంపులో నేనూ చస్తాను, నా బిడ్డా చస్తుంది."

తరువాత నిద్రపోయాను. కొమ్మ విరిగిన చప్పుడుకు లేచాను. వాకిట్లో ఆ ఈకలు రాని పిల్లలు, వాటి చుట్టూ తిరుగుతున్న తల్లి. నేను బయటికి వచ్చి అన్నను తిట్టిన తిట్లు ఊరంతా విన్నారు. ఆయన ఒక్క మాట, "నువ్వే కదా అన్నావు" అన్న ఒక్క మాట అని ఉంటే నేను అక్కడే కూలబడి ఉండేదాన్ని. అనలేదు. నీతో కూడా అనలేదన్నమాట! ఎనిమిదేళ్ళు ఊరి ముందు ఆ తప్పు తనే మోశాడు.

నాకు మొదటి నుంచీ గుర్తుంది వదినా. ఒక్కరోజు కూడా మరచిపోలేదు. ఆయన మీద కోపంగా ఉంటే నా మీద నాకు కోపం రాకుండా ఉండేది. అంతే.

బస్టాండు అప్పటి మా ఇంటికి రెండు వీధుల అవతల. ఆ రోజు నేను కూరగాయలకు ఆ దారినే వెళ్ళి ఉంటాను.

ఇప్పుడు రమ్మని మాత్రం అనకు. చెట్టు మొదట చెయ్యి పెట్టి అన్న మాట అది. దాన్ని నేనే దాటితే ఆ పక్షులు మన గడప ఎప్పటికీ తొక్కవని నాకు భయం. మా అత్త ఈ భయానికి నవ్వుతుంది. నువ్వు నవ్వవని తెలుసు.

మీ ఇంటాయనకు, అంటే అన్నకు, చేతుల గీతలకు పసుపు రాయి.

హొన్నమ్మ

—

తొరెకొప్పలు
30 జనవరి 1987

హొన్నమ్మ తల్లికి,

నీ ఉత్తరం మీ అన్నకు చదివి వినిపించాను. చెప్పొద్దని నువ్వు రాయలేదు కదా. అంతా విని, లేచి వెళ్ళి ఎద్దులకు నీళ్ళు పెట్టి వచ్చాడు. మళ్ళీ వెళ్ళి నీళ్ళు పెట్టాడు. పాపం ఆ ఎద్దులు ఎన్నని తాగుతాయి? మూడోసారి వచ్చి, "బాలింత మాటకు అర్థం వెతుకుతారా ఎవరైనా? కొట్టిన చెయ్యి నాదే" అన్నాడు. ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. నాకు అది చాలు.

చెట్టు సంగతి అడుగుతావు. లేదు తల్లీ. బోరమ్మ చెట్టు మీద ముప్పై గూళ్ళు. పైవీధి చెట్ల మీద చోటు చాలక కొట్టుకుంటున్నాయి. మన పదకొండు గూళ్ళు కొత్త పెళ్ళివారి విడిదిల్లులా సున్నం కొట్టి సిద్ధంగా ఉన్నాయి, ఒక్కటీ వాలలేదు. కాకి ఒకటి చూసి వెళ్ళింది.

నీ దగ్గర దాచను. నేను ఒక పాపం చేయబోయాను. శివరాత్రి దగ్గర పడుతోందని, పిల్ల ఎవరి ఒడిలోనో కూర్చుంటుందని తట్టుకోలేక, "గూడబాతు వాలింది, వెంటనే బయలుదేరు" అని ఉత్తరం రాసేశాను. అంటించేసి సంచిలో పెట్టాను. మద్దూరు వెళ్తున్న మీ అన్న చేతికి ఇస్తే, "అంత గబగబా ఏం రాసినావు, చదువు" అన్నాడు. నాకు చదవడం వచ్చినంత బాగా అబద్ధం రాదు. అంటించింది విప్పి చదివేశాను.

ఆయన ఉత్తరం తీసుకుని నాలుగు ముక్కలు చేశాడు. "అబద్ధం చెప్పి పిల్లను తెచ్చి చెవులు కుట్టొద్దే. అది ఈడికొచ్చి చెట్టు వంక చూస్తది. అప్పుడు ఏం చూపిస్తావు, సున్నమా?" అన్నాడు.

అందుకని నిజమే రాస్తున్నాను. వాలలేదు.

బర్రె ఈనింది. జున్ను పంపించే దారి లేదు, ఇక్కడ బోరమ్మకు కూడా ఇచ్చాను. తిని, "గౌడ సున్నం మానేసి జున్ను చిలకరిస్తే పక్షులు వస్తాయేమో" అంది. నోరు మంచిది కాదు గానీ గిన్నె కడిగి, బెల్లం వేసి తిరిగి ఇచ్చింది.

వదిన

—

కార్వారు
8 ఫిబ్రవరి 1987

వదినా,

నిజం రాసినందుకు మేలు. ఆ ఉత్తరం చింపినందుకు ఆయనకు నా నమస్కారం చెప్పు.

ఇక్కడ శివరాత్రికి అన్నీ సిద్ధం చేస్తున్నారు. పిల్లకు పట్టులంగా కొన్నారు. "ఎవరి ఒడిలో కూచోవాలమ్మా" అంటే చెప్పాను. "ఆ బాబాయి దగ్గర పొగాకు కంపు" అంది. మా వంశంలో ముక్కులన్నీ ఇంతే.

నాకు ఏడుపు రావడం లేదు, దిగులుగా కూడా లేదు. ఎనిమిదేళ్ళ తరువాత అన్నతో నాకు గొడవ లేదు. గూడు పెట్టకపోతేనేం, వచ్చే ఏడు పెడుతుంది. నేను వస్తాను. చెవులు మాత్రం వేరే ఒడిలో కుట్టించుకుని వస్తాం. ఆ ఒక్కటే ముల్లు.

హొన్నమ్మ

—

తొరెకొప్పలు
17 ఫిబ్రవరి 1987

హొన్నీ! హొన్నీ!

ఇది అబద్ధం కాదు. తెల్లకొంగ కాదు. గోడ దాటిన కొమ్మ కాదు. మీ అన్న పక్కనే కూర్చుని ఒక్కొక్క మాటా చదివించుకుంటున్నాడు, ఎక్కువ రాస్తే ఒప్పుకోడు.

ఆదివారం పొద్దున నేను పురిటి గది వెనక పిడకలు తీస్తున్నాను. తల మీద నీళ్ళు చల్లినట్టయింది. చూస్తే నీళ్ళు కాదు, చిక్కగా, తెల్లగా ఉంది. సున్నమేనని అనుకుని "ఇంక చాల్లే, దిగవయ్యా!" అని అరిచాను. ఆయన ఇంట్లో నుంచి "నేను ఈడున్నా" అన్నాడు. అప్పుడు తలెత్తాను.

గూడబాతు. గడ్డం కింద ఆ సంచి వేలాడేసుకుని, మెడ భుజాల్లోకి లాక్కుని, నన్ను చూస్తోంది. ఎక్కడ కూర్చుందో తెలుసా? మీ అన్న కట్టిన పదకొండు గూళ్ళలో దేనిలోనూ కాదు. ఆయన నరికిన కొమ్మ మోడు గుర్తుందా, పురిటి గది మీద? ఆ మోడు నుంచి పిలకలు లేచి ఇన్నేళ్ళలో మళ్ళీ కొమ్మలయ్యాయి. ఆ పంగలో కూర్చుంది. ఆ చోట గూడు కట్టడానికి ఆయనకు చెయ్యి రాలేదట, ఏ ఏడూ అటు వెళ్ళలేదు.

కాసేపటికి మగది వచ్చింది. నోట్లో తుమ్మపుల్ల. అది ఏటి నుంచి తెచ్చింది కాదు, మీ అన్న కట్టిన పై గూటి నుంచి పీకింది! ఇవాళ మూడో రోజు. ఆయన గూళ్ళు నాలుగు విప్పేసి ఆ కంపతో ఇది తన గూడు కట్టుకుంటోంది. ఆయన వాకిట్లో మంచం వేసుకుని చూస్తున్నాడు. "ఎనిమిదేళ్ళ కష్టం దోచుకుపోతోంది చూడవయ్యా" అన్నాను. "పట్టుకుపోనీ. దానికోసమేగా తెచ్చింది" అన్నాడు. అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

బోరమ్మ గోడ ఎక్కి చూసింది. నేను ఏమంటుందోనని సిద్ధంగా ఉన్నాను. "మొదలు మీదే అక్కా, బిడ్డ మీదే" అంది. తనే పసుపు నూరి తెచ్చింది. ఎర్రగుడ్డ విప్పి ఇద్దరం కలిసి చెట్టు మొదట్లో ఒడిబియ్యం పోశాం.

గూట్లో నిన్న సాయంత్రం గడ్డి కూడా పెట్టింది. ఇది గూడు కాదంటే ఇక నేను ఉత్తరాలు రాయను. పోగులు తళతళమనేలా కుంకుడురసంతో కడిగి పెట్టాను. శివరాత్రికి తొమ్మిది రోజులుంది.

కింద మీ అన్న ఏదో రాస్తానంటున్నాడు. కలం పట్టుకోవడం పెళ్ళి సంతకం తరువాత ఇదే.

దేవీరమ్మ

అమ్మా హొన్ని. మీ వదిన రాసింది నిజం. గూడు పురిటి గది మీదే పెట్టింది. పిల్లలు లేస్తే గోల చేస్తాయి. కంపు కొడుతుంది. ఈసారి కొట్టను. నువ్వు ఓర్చుకోగలవా లేదా రాయి. లేకపోతే నీకు, పాపకు బోరమ్మ ఇంట్లో పక్క వేయిస్తాను. చెలువేగౌడ.

—

కార్వారు
21 ఫిబ్రవరి 1987

అన్నకు హొన్నమ్మ నమస్కారాలు.

నీ ఉత్తరం చేపల బజారు మధ్యలో పోస్టుమాను చేతికిచ్చాడు. అక్కడే నిలబడి చదివాను. చుట్టూ బంగడా గంపలు, ఈగలు, ఐసు నీళ్ళు. చదివి అక్కడే ఏడుస్తుంటే చేపలమ్మే ఆవిడ కంగారుపడి, ఒక బంగడా ఊరికే చేతిలో పెట్టి పంపించింది.

ఎనిమిదేళ్ళు ఈ ఊళ్ళో ఉన్నదాన్ని అన్నా. నాకు ఇప్పుడు ఏ కంపూ లెక్క లేదు. బోరమ్మ ఇంట్లో పక్క వద్దు. పురిటి గదిలోనే వేయించు, కొమ్మ కిందే.

మా అత్త, ఆయన, మేము అందరం సోమవారం బస్సెక్కుతున్నాం. మా అత్తతో చెప్పగానే, "మేనమామ ఒడి ఉండగా చాప ఎవరికి కావాలి" అని తనే పెట్టె సర్దింది. శశికళ నిన్న నుంచి నాకు రెండు ప్రశ్నలు వేస్తోంది. చెవి కుడితే నొప్పి పుడుతుందా, పుడితే మామ ఒడిలో అరవవచ్చా. నువ్వెంత అరిచినా మామ కోప్పడడని చెప్పాను. పైన గూడబాతు ఉంటుంది కదా, భయపడి ఎగిరిపోతుందేమోనంది. అందుకని పిల్ల అరవకుండా ఉండడం ఇప్పుడే అలవాటు చేసుకుంటోంది. పళ్ళు బిగించి, ముక్కు ఎగబీల్చి, అచ్చం నీలాగే ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం నేనన్న మాట నువ్వు మరచిపో. మనిద్దరిలో నాకు గుర్తుంటే చాలు.

వదినకు చెప్పు, సారు పొయ్యి మీద పెట్టి ఉత్తరం రాయవద్దని. ఇక రాయాల్సిన పని లేదు, వస్తున్నాం.

నీ చెల్లెలు
హొన్ని